నాలుగు వేళ్ళ మచ్చ

పిచ్చుకకు నీళ్ళు పోస్తున్న తల్లి చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. సబ్బు నురగ జారిపోయిన చోట, బిడ్డ వీపుకి ఎడమపక్కన, ఏటవాలుగా నాలుగు చారలు కనిపించాయి. ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో సన్నటి సందులు వదిలి, కొలిచి గీసినట్టున్నాయి. రుద్దితే పోతాయేమోనని బొటనవేలితో మెల్లగా రుద్దింది. పిచ్చుక కెవ్వుమంది. బిడ్డను తిప్పి చూస్తే చంక కింద అయిదోది ఉంది. పొట్టిగా, వెడల్పుగా, అంచున ఆవగింజంత నీటిబుగ్గతో.

ఏడుపు ఎంత తొందరగా మొదలైందో అంత తొందరగా మానేసి, పిల్ల చెంబును నీళ్ళలో ముంచి తన నెత్తిన తానే పోసుకుని నవ్వింది. తల్లికి నవ్వు రాలేదు. నిన్న సాయంత్రం ఇదే తొట్టిలో, ఇదే వెలుతురులో నీళ్ళు పోసింది. నిన్న లేవు. అది మాత్రం ఒట్టు పెట్టి చెప్పగలదు.

పధ్నాలుగు నెలల పిల్ల. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని పిచ్చుక అన్నారు, అసలు పేరు టీకాల కార్డు దాటి బయటికి రాలేదు. ఆ నాలుగంతస్తుల భవనంలో తల్లులకు కూడా సొంత పేర్లు మిగల్లేదు. ఆమెను అందరూ పిచ్చుక తల్లి అనే పిలుస్తారు.

భర్త పని నుంచి వచ్చేసరికి బిడ్డను తువ్వాలులో చుట్టి మంచం మీద కూర్చోబెట్టుకుని ఉంది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. గ్రీజు చేతులు కడుక్కోకుండా బిడ్డను తాకడు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, వీపు చూశాడు.

"ఎవరో పట్టుకున్నట్టుందే."

"పట్టుకున్నట్టు కాదు, నొక్కినట్టుంది."

"నువ్వేమైనా... నీళ్ళు పోసేటప్పుడు, సబ్బుకి జారుతుందని కాస్త గట్టిగా..."

"నేనా?" ఆమె గొంతు కీచుమంది. "నా బిడ్డని నేను నొక్కుతానా? ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందయ్యా నీకు?"

"అబ్బ, ఊరికే అడిగాను. అంతలోనే మీదికొస్తావేంటి?"

ఇద్దరి మనసులోనూ ఒకే మనిషి ఉంది. ముందు ఎవరు అంటారా అని చూసుకుంటున్నారు.

"పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా పిల్ల ఎవరి చేతుల్లో ఉంటోంది?" అన్నాడు చివరికి, ఆ పేరు తన నోటితో చెప్పకుండా.

మూడో అంతస్తు మూలగదిలో ఉండే బొమ్మలత్త చేతుల్లో ఉంటుంది. నిమ్మరసం షెడ్డులో పనికి వెళ్ళే ఆడవాళ్ళ పిల్లలు అయిదుగురిని ఆవిడ చూస్తుంది. అరవై దాటిన మనిషి. దర్జీ దుకాణాల దగ్గర గుడ్డపేలికలు ఏరుకొచ్చి పిల్లలకు బొమ్మలు కుడుతుంది. ఎవరి బొమ్మకు వాళ్ళ అమ్మ జడ, వాళ్ళ అమ్మ బొట్టు పెడుతుంది. అమ్మ పనికి వెళ్ళిన సంగతి పిల్లకు తెలియకుండా ఉండాలంటుంది. వయసులో ఉండగా చాకిరేవు కంపెనీలో ఆసుపత్రి దుప్పట్లు పిండిన చేతులు. వేళ్ళు లావుగా, కణుపుల దగ్గర ఉబ్బి, పట్టుకుంటే పట్టుకారులా ఉంటాయి.

ఆ వేళ్ళు గుర్తుకు రాగానే పిచ్చుక తల్లి బిడ్డకు గౌను తొడిగి లేచింది.

వీధి చివర క్లినిక్కు ఇంకా తెరిచే ఉంది. లోపల బెంచీ మీద పదకొండు మంది. వీళ్ళ వంతు వచ్చేసరికి డాక్టరు అప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. పిచ్చుక గౌను పైకెత్తగానే అతని మొహం మారింది. ఏమీ అడగకుండా జేబులోంచి ఫోను తీసి, వీపు ఫొటో తీశాడు.

"ఇందులో ఒక ప్రోగ్రాం ఉందమ్మా. మచ్చ ఫొటో పెడితే ఏ జబ్బు అయ్యుండొచ్చో వరసగా చూపిస్తుంది," అంటూ తెరను వేలితో తోశాడు. అందులో ఏవో ప్రశ్నలు వస్తున్నాయి. ఆమెకు ఎనిమిదో తరగతి దాకా చదువుంది, అక్షరాలు కూడబలుక్కునే లోపే అతను ఒక్కో ప్రశ్ననూ దాటించేశాడు, తలుపు దగ్గర నిలబడ్డ వాళ్ళను దాటుకుంటూ పోయినట్టు. తెర మీద గిరగిరా ఒక చక్రం తిరిగి ఆగింది.

డాక్టరు ఫోను వాళ్ళ వైపు తిప్పాడు. పైన ఒక పిల్లవాడి వీపు బొమ్మ. దాని మీద వేళ్ళ గుర్తులు.

"దెబ్బ. వేళ్ళతో గట్టిగా ఒత్తితే వచ్చేది. అన్నిటికన్నా పైన ఇదే చూపిస్తోంది." ఫోను బల్ల మీద పెట్టి, మొదటిసారి భర్త వైపు తిరిగాడు. "ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా? మీరు తాగుతారా?"

భర్త కడుక్కొచ్చిన చేతులను చూసుకున్నాడు, ఇంకా గోళ్ళ సందుల్లో నల్లగా ఉంది. ఆ చేతులను జేబుల్లో దోపుకోవడం డాక్టరు గమనించాడు, డాక్టరు గమనించడం ఆమె గమనించింది.

"మా ఇంట్లో కాదండీ," అంది గబగబా. "పగలంతా వేరే ఆవిడ దగ్గర ఉంటుంది."

"ఎవరైనా సరే. పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మకి చీటీ రాస్తున్నాను. ఎల్లుండి తీసుకెళ్ళండి. వెళ్ళకపోతే నేనే పైవాళ్ళకి కబురు పెట్టాల్సొస్తుంది. చిన్నపిల్ల విషయం, నాతో ఆటలొద్దు."

బయటికి వచ్చాక భర్త రోడ్డు పక్కన నిలబడి, "నన్ను తాగుతావా అన్నాడు," అన్నాడు. రెండు అడుగులు వేసి, మళ్ళీ ఆగి, "నన్ను," అన్నాడు.

వేసవి సాయంత్రాలు ఆ భవనంలో అందరికీ మెట్లే ముందుగది. గదుల్లో ఉడుకుతుందని ఆడవాళ్ళంతా మెట్ల మీదికి వచ్చి, ఒకరి మోకాళ్ళ దగ్గర ఒకరు కూర్చుని, షెడ్డు సూపర్వైజరు నడకను అనుకరిస్తూ నవ్వుకుంటూ ఉంటారు. ఆ రోజూ నవ్వుకుంటున్నారు. బొమ్మలత్త రెండో అంతస్తు, మూడో అంతస్తు మధ్య మలుపులో, బల్బు కింద కూర్చుని ఏదో బొమ్మకు కాలు కుడుతోంది. సూది దారం పళ్ళతో కొరుకుతుండగా పిచ్చుక తల్లి వచ్చి ఎదురుగా నిలబడింది.

"నా బిడ్డని ఏం చేశావు?"

అత్త దారం నోట్లోంచి తీసింది. "ఏం చేశానే?"

"ఏం చేశావో చూడు." గౌను పైకెత్తి వీపును బల్బు వెలుగులోకి తిప్పింది. పిచ్చుక అత్తను చూసి "తా! తా!" అంటూ రెండు చేతులూ చాపింది. తల్లి ఆ చేతులను కిందికి లాగేసింది.

అత్త వంగి చూసింది. "అయ్యయ్యో. ఇదెప్పుడయిందే?"

"నన్నడుగుతున్నావా? డాక్టరు ఫోనులో పెట్టి చూశాడు. వేళ్ళు. గట్టిగా ఒత్తిన వేళ్ళు. ఆ యంత్రానికి నీ మీద పగా, నా మీద ప్రేమా? ఉన్నది చెప్పింది."

నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో తెలియదు. ఒకామె లేచి దగ్గరికి వచ్చి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. షెడ్డులో పిచ్చుక తల్లి పక్క పీట మీద కూర్చునే పొడుగక్క, తన రెండేళ్ళ కొడుకు గుండుగాణ్ణి దగ్గరికి లాక్కుని మెడ వెనక వేలితో రాసింది.

"వీడి మెడ మీద కూడా నల్లగా ఉంది. మురికనుకుని నెల రోజుల నుంచి పీచుతో తోముతున్నా," అంది నెమ్మదిగా. "పట్టి లాగితే కదా అక్కడ అలా అయ్యేది?"

"నేను నొక్కలేదే తల్లీ," అంది బొమ్మలత్త. కుడుతున్న బొమ్మ ఒళ్ళోంచి జారి రెండు మెట్లు దొర్లింది. "నాకు తెలిసి నొక్కలేదు."

"తెలిసి నొక్కలేదంట! విన్నారా?" పిచ్చుక తల్లి అందరి వైపూ తిరిగింది. తన గొంతు తనకే కొత్తగా, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుగా వినిపించింది. "అంటే తెలియకుండా నొక్కినట్టేగా? పసిగుడ్డు. నోరు లేదు. నోరున్న దానివి నువ్వైనా చెప్పొద్దా?"

అత్త తన రెండు అరచేతులనూ బల్బు కింద తెరిచి, ఎవరివో చూస్తున్నట్టు చూసుకుంది.

మర్నాడు పొద్దున్న ఏడింటికి మూలగదికి ఒక్క బిడ్డ కూడా రాలేదు.

పిచ్చుక తల్లి పనికి సెలవు పెట్టింది. పొడుగక్క గుండుగాణ్ణి షెడ్డుకే తీసుకెళ్ళి, ఖాళీ డ్రమ్ముల వెనక గోనెసంచి మీద కూర్చోబెడితే సూపర్వైజరు చూసి అందరిలో తిట్టాడట. ఇంకొకామె ఆరేళ్ళ కూతుర్ని బడి మాన్పించి తమ్ముడికి కాపలా పెట్టింది. మధ్యాహ్నానికి మూలగది గుమ్మం ముందు అయిదు గుడ్డబొమ్మలు చేరాయి. ఒక్కొక్కరూ వచ్చి, తలుపు తట్టకుండా, అక్కడ పడేసి పోయారు. పిచ్చుక తల్లి కూడా పడేసింది. తన జడే ఉన్న బొమ్మ. బోర్లా పడింది. దాన్ని వెల్లకిలా తిప్పాలనిపించి, తిప్పకుండానే కిందికి వచ్చేసింది.

రోజంతా పిచ్చుక తలుపు దగ్గరికి పాకి వెళ్ళడం, "తా" అనడం, తల్లి తెచ్చి మంచం మీద వెయ్యడం. ముద్ద పెడితే ఉమ్మేసింది. మధ్యాహ్నం నిద్ర మానేసింది. అత్త ఏం పాడి నిద్రపుచ్చుతుందో తనకు తెలియదని ఆమెకు అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ ఎప్పుడూ అడగలేదు.

"భయపడి ఏడుస్తోంది. ఆవిడ పెట్టిన భయమే," అన్నాడు భర్త సాయంత్రం వచ్చి. "ఇంటాయనకి కూడా చెప్పాను. నెలాఖరుకి గది ఖాళీ చేయిస్తానన్నాడు. పీడా పోతుంది."

"ఎక్కడికి పోతుందో?"

"మనకెందుకు? నన్ను తాగుబోతన్నాడే, అది మర్చిపోయావా?"

పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ గది చిన్నది, కిటికీ మాత్రం పెద్దది. పరుపు బల్లను ఆ కిటికీ పక్కకు జరిపించుకుంది. వెలుతురు బాగుంటేనే చూస్తానంటుందని బయట నర్సు చెప్పింది. డాక్టరమ్మకు యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని చీటీ చదివింది. చదివాక భర్త వైపు గానీ, తల్లి వైపు గానీ వేరేగా చూడలేదు.

"బట్టలన్నీ విప్పండమ్మా. మచ్చ ఒక్కటే చూస్తే నాకు చాలదు."

పిచ్చుకను అరికాళ్ళ నుంచి చెవుల వెనక దాకా చూసింది. చారల అంచుల మీద వేలితో నెమ్మదిగా రాసి, నొక్కి వదిలింది. నీటిబుగ్గ ఎండిన చోట భూతద్దం పెట్టింది. అప్పుడు బల్ల మీది టాబ్లెట్టు తీసుకుని, దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి ఫొటోలు తీసింది. చక్రం తిరిగింది. పైకి వచ్చిన బొమ్మను పిచ్చుక తల్లి చటుక్కున గుర్తుపట్టింది. అదే పిల్లవాడి వీపు, అవే వేళ్ళు.

"అక్కడా ఇదే చూపించిందండీ. దెబ్బే," అంది.

"ఫొటో ఒక్కటే పెడితే ఇదే అంటుంది. వేళ్ళలా ఉన్నాయి, వేళ్ళంటోంది. ఇంకా మనం దానికేమీ చెప్పలేదుగా?" డాక్టరమ్మ స్టూలు దగ్గరికి జరుపుకుంది. "ఇది చాలా ప్రశ్నలడుగుతుంది. మా ఇంట్లో మా అత్తగారి టైపు. విసుక్కోకుండా చెప్పండి. జవాబును బట్టి కింద ఉన్నవి పైకొస్తాయి, పైన ఉన్నవి కిందికి పోతాయి."

భర్త కొంచెం నవ్వాడు. మూడు రోజుల్లో అదే మొదటిసారి.

ఎప్పుడు కనిపించింది. మొదటిరోజు ఏ రంగులో ఉంది. దురదా, మంటా. నీటిబుగ్గలు వచ్చాయా. కొత్త సబ్బు, కొత్త నూనె ఏమైనా వాడారా. పిచ్చుక తల్లి చెబుతుంటే డాక్టరమ్మ ఒక్కొక్కటే నొక్కుతోంది.

"ఎండలో తిరిగిందా?"

"తిరగడం అంటే... మధ్యాహ్నం పాలివ్వడానికి షెడ్డు గేటు దగ్గరికి తెస్తుందండీ, ఆవిడ. పది నిమిషాల నడక. మళ్ళీ పది నిమిషాలు."

"ఒంటి మీద బట్టలుంటాయా?"

"ఉంటాయి. కాదు..." ఆగింది. "ఈ వారం లేవు. చెమటకాయలు పొక్కాయని గౌను విప్పి తీసుకురమ్మన్నాను. ఆవిడ తువ్వాలు కప్పుతానంటే కూడా నేనే వద్దన్నాను."

డాక్టరమ్మ ఏదో నొక్కింది. తర్వాతి ప్రశ్న చదివి, తలెత్తి చూసింది.

"బిడ్డను ఎత్తుకునే వాళ్ళలో ఎవరైనా పళ్ళు, ఆకులు, మొక్కలు ముట్టుకునే పని చేస్తారా?"

"నేనేనండీ. నిమ్మరసం తీసే షెడ్డులో."

"ఏం చేస్తారో చెప్పండి. మొదట్నుంచి."

ఇంత పెద్ద డాక్టరమ్మ తన పని గురించి అడగడం వింతగా అనిపించింది. చెప్పింది. ఒకళ్ళు కాయ కోస్తారు. కోసిన చెక్కను తిరిగే మర మీద తను బోర్లించి అరచేత్తో అదుముతుంది, రసం కిందికి, తొక్క పక్కకి. నిమిషానికి ఇరవై ముప్ఫై చెక్కలు. చేతి తొడుగులు నెలకొక జత, వారానికే చిరుగుతాయి. మధ్యాహ్నం గంట కొట్టాక ఇరవై నిమిషాలు.

"గేటు దగ్గరికి వెళ్ళే ముందు చేతులు కడుక్కుంటారా?"

"కుళాయి ఒకటేనండీ, షెడ్డు వెనకాల. నలభై మంది. ఆ వరసలో నిలబడితే ఇరవై నిమిషాలూ అక్కడే అయిపోతాయి. బిడ్డ పాలు తాగకుండా తిరిగి వెళ్ళిపోవాలి." తప్పు ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించింది. "కట్టుకున్న గుడ్డకి తుడిచేసుకుంటాం. అందరం అంతే. నిమ్మరసమేగా, మురికి కాదుగా."

చివరి జవాబు నొక్కగానే తెర మీద బొమ్మలు కదిలాయి. పిల్లవాడి వీపు కిందికి జారిపోయింది. ఇంకేవో పైకి వచ్చాయి. డాక్టరమ్మ టాబ్లెట్టును ఆమె ఒళ్ళో పెట్టింది.

ఒక పిల్ల భుజం మీద అయిదు వేళ్ళు. ఒక బాబు గడ్డం నుంచి మెడ దాకా ధారగా కారిన గోధుమరంగు. ఒక పెద్దమనిషి చేతి వెనక చిలకరించినట్టు మచ్చలు. ఎక్కడెక్కడి మనుషులో, ఎవరి పిల్లలో. ఆ భుజం మీద మచ్చను చూస్తే ఎవరో తన బిడ్డకే ఫొటో తీసి అక్కడ పెట్టినట్టుంది.

"ఆ పిల్ల వాళ్ళ నాన్న పళ్ళరసాల బండి పెట్టుకున్నాడట, కింద రాశారు," అంది డాక్టరమ్మ. "నిమ్మతొక్కలో నూనె ఉంటుంది. అది ఒంటి మీద ఉండగా గట్టి ఎండ తగిలిందంటే చర్మం కాలుతుంది. ఆ రోజు ఏమీ కనిపించదు. ఒకటి రెండు రోజులాగి తేలుతుంది. అందుకే ఎప్పుడయిందో, ఎవరి వల్ల అయిందో ఎవరికీ తెలియదు."

"కానీ... నొక్కితే కదండీ వేళ్ళు పడేది?"

"నొక్కక్కర్లేదమ్మా. ముద్దుగా పట్టుకున్నా చాలు."

డాక్టరమ్మ టాబ్లెట్టును తిరిగి తీసుకుని బల్ల మీద పెట్టింది.

"ఈ ప్రోగ్రాం అన్నంత మాత్రాన నేను రాసివ్వను. నా కళ్ళతో కూడా చూడాలి. పాలిచ్చేటప్పుడు ఎలా పట్టుకుంటారో, అలా పట్టుకోండి."

పిచ్చుకను ఒళ్ళోకి తీసుకుంది. బిడ్డ అలవాటుగా పక్కకి ఒరిగి, ముక్కుతో వెతుక్కుంది. తల్లి ఎడమ చెయ్యి తనంతట తానే బిడ్డ వీపు వెనక్కి వెళ్ళింది. రోజూ వెళ్ళే చోటికే. చూపుడువేలు మొదటి చార మీద ఆనింది. నడిమివేలు రెండో దాని మీద. మూడు. నాలుగు. బొటనవేలు చంక కింద, పొట్టి మచ్చను పూర్తిగా కప్పేసింది. ఎక్కడా గింజంత తేడా లేదు.

ఆమె చెయ్యి తీసేసింది, నిప్పు తాకినట్టు. మళ్ళీ పెట్టి చూసింది. మళ్ళీ సరిపోయింది.

"మీ మణికట్టు మీద కూడా ఉన్నాయే," అంది డాక్టరమ్మ ఆమె చెయ్యి తిప్పి చూస్తూ.

"పనిమచ్చలంటారండీ మా దగ్గర. అందరికీ ఉంటాయి," అంది. తన గొంతు ఎక్కడో గోడ అవతలి నుంచి వచ్చింది.

డాక్టరమ్మ చీటీ రాసింది, పూత మందు ఇచ్చింది, నాలుగైదు నెలల్లో మచ్చలు వాటంతటవే పోతాయంది, కుళాయి సంగతి షెడ్డు యజమానికి తన పేరుతో ఉత్తరం రాస్తానంది. అవన్నీ భర్త విన్నాడు. ఆమె చెవిలో మాత్రం ఒక్క మాటే జోరీగలా తిరుగుతోంది. ముద్దుగా పట్టుకున్నా చాలు.

బస్సులో భర్త తేలికపడ్డ మొహంతో కూర్చున్నాడు. "హమ్మయ్య. ఎవరి తప్పూ కాదు. క్లినిక్కు వాడి మొహాన కొడతాను ఈ చీటీ."

"అత్తకి చెప్పాలి."

అతను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చూడు. ఇప్పుడు నువ్వెళ్ళి చెప్తే ఏమంటారు? తల్లే బిడ్డ ఒళ్ళు కాల్చి, ముసలమ్మ మీద తోసిందంటారు. జన్మంతా అదే మాట. ఆవిడ ఎలాగూ వెళ్ళిపోతోంది. ఇంకో చోట చూసుకుంటుంది. ఊరుకుంటే సద్దుమణుగుతుంది."

ఆమె బిడ్డను ఒళ్ళో నిలబెట్టి పట్టుకోవాలంటే, ఎక్కడ పట్టుకోవాలో తెలియనట్టు, చంకల కింద చేతులు పెట్టీ పెట్టనట్టు పెట్టింది.

బస్సు దిగి, ఇంటి తాళం కూడా తియ్యకుండా, పిచ్చుకను ఎత్తుకుని నేరుగా మూడో అంతస్తుకి ఎక్కింది. మూలగది తలుపు తీసే ఉంది. గుమ్మం ముందు బొమ్మలు లేవు. లోపల సామాను రెండు మూటలుగా కట్టి ఉంది. బొమ్మలత్త నేల మీద కూర్చుని, ఒళ్ళో ఒక దిండు పెట్టుకుని ఉంది. వీళ్ళను చూసి లేవలేదు. పిచ్చుక "తా!" అని కేక పెట్టి, తల్లి చంకలోంచి సగం వేలాడి చేతులు చాపింది. అత్త చేతులు లేచాయి. లేచినవి ఆగాయి. రెండూ దిండు కిందికి వెళ్ళిపోయాయి.

"వద్దే. నాకివ్వకు."

"అత్తా, నువ్వు కాదు." చెప్పాలనుకుని మెట్లెక్కుతూ పేర్చుకున్న మాటలన్నీ ఒకదాని మీద ఒకటి కూలిపోయాయి. "నువ్వు కాదు, నేను. నా చెయ్యే. నిమ్మకాయ చేత్తో పట్టుకున్నాను, దానికి ఎండ తగిలింది. డాక్టరమ్మ నా చెయ్యి పెట్టించి చూసింది. నావే అత్తా. అయిదూ నావే."

అత్త రెండోసారి చెప్పించుకుంది. మూడోసారి, "ఎండా?" అని మాత్రం అడిగింది.

"ఎండే. ఎవరూ నొక్కలేదు."

"నేను నొక్కలేదు," అంది అత్త. అడుగుతున్నట్టుంది, చెబుతున్నట్టూ ఉంది.

"నొక్కలేదు."

"నిజంగా?"

అప్పుడు పిచ్చుక తల్లికి అసలైన దెబ్బ తగిలింది. ఆసుపత్రిలో తగిలింది దీని ముందు ఏపాటిది? ఈ మనిషి మూడు రోజులుగా తన మీద కోపంతో కూర్చోలేదు. నమ్మింది. తను మెట్ల మీద అరిచినదంతా అక్షరం పొల్లు పోకుండా నమ్మింది.

"దిండుని ఎత్తి దించి చూస్తున్నానే," అంది అత్త, దిండును పక్కకి జరుపుతూ. "పిచ్చుక బరువే ఉంటుంది. ఎంత గట్టిగా పట్టుకుంటానో, గుంట పడుతుందో లేదో చూస్తున్నా. ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. దుప్పట్లు పిండిన చేతులు, నాకు తెలియకుండానే పిండేస్తున్నాయేమో అనుకున్నా. ఎవరికి తెలుసు? పెద్దదాన్నయ్యాను. యంత్రం కూడా చెప్పిందన్నావు." గుక్క తిప్పుకుంది. "నలభై మంది పిల్లల్ని పెంచాను ఈ గదిలో. రాత్రీ పగలూ ఒక్కొక్కళ్ళనే గుర్తుచేసుకుంటున్నా. ఎవరెవర్ని నొక్కానో అని."

పిచ్చుక తల్లి ఎదురుగా కూర్చుంది. కాళ్ళు పట్టుకోబోతే అత్త కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"లే. నా కాళ్ళేం చేసుకుంటావు? నాకు చెప్పావు, విన్నాను. నాకు తెలియాల్సింది తెలిసింది." అత్త గొంతు మొదటిసారి గట్టిపడింది. "ఆ రోజు నాకొక్కదానికే చెప్పావా? ఎక్కడ అన్నావో అక్కడికెళ్ళి చెప్పు."

కింద మెట్ల మీద అప్పటికే ఆడవాళ్ళు చేరారు. షెడ్డు నుంచి వచ్చి, మొహాలు కడుక్కుని, పిల్లల్ని ఒళ్ళో వేసుకుని కూర్చున్నారు. నిమ్మతొక్క వాసన మెట్ల నిండా ఉంది. మలుపులో బల్బు కింద అత్త కూర్చునే చోటు ఖాళీగా ఉంది. పిచ్చుక తల్లి బిడ్డను ఎత్తుకుని అక్కడికి వచ్చి నిలబడింది. కింద అంతస్తులో భర్త తలెత్తి చూసి, వద్దన్నట్టు మెల్లగా తల ఊపాడు. ఆ రోజు ఇదే చోట మాటలు ఎంత సులువుగా వచ్చాయి!

"అందరూ ఒక్క నిమిషం వినండి," అంది. "మొన్న నేనన్నది తప్పు. పిచ్చుక వీపు మీదవి నా వేళ్ళు."

చెప్పింది. నూనె సంగతి, ఎండ సంగతి, గౌను విప్పమన్న సంగతి, చెయ్యి పెట్టించి చూసిన సంగతి.

"అయితే తల్లే కాల్చిందన్నమాట," అంది పై మెట్టు మీద నుంచి ఒకామె, వెక్కిరింపుగా. "ముసలమ్మని బజారుకెక్కించి ఇప్పుడొచ్చింది, నిమ్మకాయ కథలు చెప్పడానికి!"

ఆమె కాదనలేదు. "అవును. నేనే," అంది. భర్త గోడ వైపు తిరిగిపోయాడు.

గుండుగాడు పొడుగక్క మోకాళ్ళ మధ్య నిలబడి గోడ మీద సున్నం గీకుతున్నాడు. రోజూ మధ్యాహ్నం గేటు దగ్గర వాడు పరిగెత్తుకొస్తే, మెడ వెనక చెయ్యి వేసి దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకోవడం ఆమె అలవాటు. ఇప్పుడూ చెయ్యి చాపింది. నెల రోజులుగా పీచుతో తోముతున్న నల్లటి మచ్చ మీద మెల్లగా అరచెయ్యి ఆనించింది. చెయ్యి ఆ మచ్చ మీద, మచ్చ ఆ చెయ్యి కింద సరిగ్గా ఇమిడిపోయాయి. ఆమె నోరు కొద్దిగా తెరుచుకుంది. చెయ్యి తియ్యడం మర్చిపోయి అలాగే ఉండిపోయింది. ఆమెను చూసి పక్కనున్న ఆవిడ, తన కూతురి చొక్కా చేతిని మడవడం మొదలుపెట్టింది. వెక్కిరించిన ఆవిడ కూడా ఒళ్ళో నిద్రపోతున్న పిల్లవాణ్ణి వెలుగులోకి తిప్పుకుంది.

అంతసేపూ మూడో అంతస్తు మూలగది తలుపు బార్లా తీసి ఉంది. ఇప్పుడది నెమ్మదిగా మూసుకుంది. పిచ్చుక పైకి చూసి "తా" అంది.

గడియ పడ్డ చప్పుడు కోసం పిచ్చుక తల్లి చెవులు రిక్కించి నిలబడింది. వినిపించలేదు.